ముందు ట్యాంకు కొలువుండ్రి

(నల్లగొండ జిల్లాలో పంచాయతీ కార్యదర్శులు, వాటర్‌మన్‌ల శిక్షణలో చేసిన ప్రసంగం)

సర్పంచులకు, కార్యదర్శులకు నమస్కారం. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ వాటర్‌మన్‌లకు ఇంకో నమస్కారం. తమ్మీ, మీరు ముందటికి రండ్రి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. ఇయ్యాల నా ముచ్చటంత మీతోనే.

నీటి పొదుపు అనంగనే మనకు యాదికొచ్చేది గోడ మీద రాత, బడిపిల్లల ర్యాలీ. నల్లా బంద్ చేయమని ఆడోళ్లకు మైకులో చెప్తం. ఆ ర్యాలీ పోయేది పొంగిపొర్లే ట్యాంకు కిందికెంచే. నౌకరీలో ఉన్నప్పుడు అసొంటి ర్యాలీకి జెండా ఊపినోళ్లలో నేనూ ఒకణ్ణి. పైనుంచి నీళ్లు నా అంగీ మీదనే పడ్డయి. ఎవ్వరూ నవ్వలేదు, ఎందుకంటే అది రోజూ జరిగేదే.

నీళ్లిచ్చేటోడు ముందు తన లెక్క తేల్చుకోవాలె. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మన రాష్ట్ర పథకం మిషన్ భగీరథకు పల్లెల్లో మనిషికి దినాం 100 లీటర్లని లెక్క గట్టిన్రు. కేంద్రం జల్ జీవన్ మిషన్ కనీసం 55 అంటది. భగీరథ లెక్కన 1,500 మంది ఉన్న ఊరికి 1,50,000 లీటర్లు. మీ ట్యాంకుకు ఎన్ని ఎక్కినయి, ఇండ్లకు ఎన్ని చేరినయి? ఈ రెండో ప్రశ్నకు రిజిస్టరులో గడి కూడా ఉండదు. పట్టణాలకైతే దారిలో పోయే నీళ్లు 15 శాతం లోపల ఉండాలని కేంద్ర మాన్యువల్‌లో రాసి ఉన్నది. మనకు ఎంత పోతున్నదో కొలిస్తేనే గద ఎక్కువో తక్కువో తెలిసేది.

కొలుసుడు పెద్ద విద్య కాదు. గుండ్రటి ట్యాంకు లోపలి అడ్డం 6 మీటర్లు అనుకోండ్రి. నీళ్లు 10 సెంటీమీటర్లు దిగితే 2,800 లీటర్ల పైన పోయినట్టు. రాత్రి పది గంటలకు నీళ్లెక్కే వాల్వు, దిగే వాల్వు రెండూ బంద్ చేసి, లోపల మట్టం కొలిచి రాసుకోండ్రి. తెల్లారి మళ్ల కొలువుండ్రి. దిగిందా, ట్యాంకు కారుతున్నది, లేకుంటే వాల్వు సరిగ పడుతలేదు. రెండోనాడు దిగే వాల్వు తెరిచి, వాడల వాల్వులన్నీ బంద్ పెట్టుండ్రి. అప్పుడు దిగితే మెయిన్ లైను పగిలినట్టు. ఆ తర్వాత రాత్రికొక్క వాడ తెరవండ్రి. ఊరంత నిద్రపోతున్నప్పుడు ఏ వాడ నీళ్లు తాగుతున్నదో తెలిసిపోతది. దీనికి టేపు, చాక్‌పీసు, ఒక నోటుబుక్కు చాలు. మీటరు పెడితే ఇంకా మంచిదే గానీ, మీటరు వచ్చేదాక ఆగుతనంటే ఒప్పుకోను.

ఇగ నల్లాల సంగతి. నల్లా ఉంటది, తిప్పే తల ఉండదు. నిమిషానికి 5 లీటర్లు వచ్చే నల్లా రెండు గంటలు పారితే 600 లీటర్లు. ఇంట్లో బిందెలు, డ్రమ్ము నిండేందుకు గంట పట్టింది, రెండో గంట నీళ్లు మోరీలోకి పోయినయి. అట్లాంటివి 50 ఇండ్లుంటే 15,000 లీటర్లు. నూటయాభై మంది వాటా అది.

ధార అదుపులో ఉండేందుకు పెట్టిన ఫ్లో కంట్రోల్ వాల్వును ఎగువ వాడోళ్లు పీకేస్తరు. దిగువ వాడకు నీళ్లు అందవు. వాళ్లు నల్లా కాడ గుంత తవ్వుతరు, కొందరు మోటరు బిగిస్తరు. సప్లై ఆగినంక ఆ గుంతలోని మురికి మళ్ల పైపులోకే గుంజుకుంటది. మీరు ట్యాంకులో వేసిన క్లోరిన్ ఆఖరి నల్లా కాడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్న మిగలాలె. ఇసొంటి చోట మిగలదు. మోటరు గుంజుకపోయి జరిమానా వేయమని నాకు చాన మంది సలహా ఇచ్చిన్రు. నా అభిప్రాయం వేరే. ముందు ఎగువన ధార సరిచేయండ్రి, దిగువకు నీళ్లు పోనీయండ్రి. అప్పటికీ మోటరు పెడితే అప్పుడు అడగండ్రి.

ఇదంతా ఎందుకు ఇంత పట్టింపుతోటి చెప్తున్ననంటే, మనది నల్లగొండ. చాన జిల్లాల్లో నీళ్లు తక్కువ పడితే జనం తిట్టుకుంటరు, అంతే. మన దగ్గర ట్యాంకు నిండకపోతే వాటర్‌మన్ ఏం చేస్తడు? పాత బోరు స్విచ్ వేస్తడు. తప్పు వానిది కాదు, ఊరు గొంతు మీద కూసుంటది. ఆ బోరులో ఫ్లోరైడ్ ఉంటది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దిక్కు లేకుంటే 1.5 దాక. దానికి రంగు లేదు, వాసన లేదు. మరగబెడితే పోదు, నీళ్లు ఇగిరిపోయి ఇంకింత చిక్కబడతది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు వంగిన కాళ్లు, బిగుసుకున్న మెడలు మీలో చూడనోళ్లు లేరు. పటిక, సున్నంతోటి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి కనిపెడితే దానికి మన జిల్లా పేరే పెట్టిన్రు. అసొంటి కీర్తి ఏ ఊరికీ వద్దు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌కు పునాది పడ్డది కూడా ఈ బాధ మీదనే. అంత దూరం నుంచి మోటర్లు ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు మోరీలో పారితే, ఆ లోటు పూడ్చేది మళ్ల ఆ బోరే. పాలమూరు దిక్కు శ్రీశైలం వెనక నీళ్లు తాగే ఊర్లకు కూడా ఇదే లెక్క.

బోర్ల మాట వచ్చింది కాబట్టి కార్యదర్శులకు ఒక్కటి. నీళ్లు, భూమి, చెట్లను కాపాడే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండ కొత్త బోరు వేయరాదు. అర్ధరాత్రి రిగ్గు లారీ వస్తే ఊరంతకూ ఇనబడతది, మనకే ఇనబడదు. పైసలు లేవంటరా, 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 30 శాతం తాగునీటికి, వాన నీటి సంరక్షణకే అని కట్టేసి ఇచ్చింది. ట్యాంకు నిండంగనే నీళ్లు ఆపే ఒక ఫ్లోట్ వాల్వు, యాభై నల్లా తలలు అందులో రాలేదంటే నేను నమ్మ.

సరే, నా మాటలు చాలు. ముందు వరుసలోని తమ్ముడితోనే మొదలుపెడదాం. మీ ట్యాంకు లోపలి అడ్డం ఎంత?