పొద్దున్నే అయిదింటికి మేల్కొనే కాఫీ మిషను

శ్రోతలకు నమస్కారం.

బాయికాడ మోటారుకు ఆటోస్టార్టర్ పెట్టుకున్న రోజులు పాలమూరు రైతులు మరిచిపోరు. అర్ధరాత్రి ఎప్పుడో కరెంటొచ్చేది, మోటారు దానంతటదే నడిచేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక వాటిని తీసేయమన్నారు, మా నాయిన కూడా తీసేశారు. మనం పడుకుని ఉండగా పని మొదలైపోయే ఆ సుఖం మాత్రం నా మనసులో నిలిచిపోయింది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మా వంటింట్లో ఎస్ప్రెసో కాఫీ మిషనుకు టైమరు పెట్టుకున్నాను. గోడ ప్లగ్గుకూ మిషనుకూ మధ్య పెడితే, మనం చెప్పిన వేళకు కరెంటు ఇచ్చేదే ఈ టైమరు.

ఎందుకంటారా? మన ఫిల్టర్ డికాక్షన్ చుక్క చుక్కగా దిగుతుంది. ఎస్ప్రెసో అట్లా కాదు. తొంభై డిగ్రీలు దాటిన నీళ్లు దాదాపు 9 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్లతో, మెత్తటి పొడిలోంచి అర నిమిషంలో దిగిపోతాయి. ఆ అర నిమిషంలో నీళ్లు చల్లబడితే రుచి పోయినట్టే.

మొదటి వారం నేను మిషను మీది లైటును నమ్మాను. అయిదు నిమిషాలకే నీళ్లు కాగినట్టు చూపించేది. కాఫీ తీస్తే పుల్లగా, పలుచగా వచ్చేది. పొడి మార్చాను, పాలు మార్చాను, అదే పులుపు. ఒకరోజు మా ఇంటావిడ వచ్చి, పొడి పెట్టే పిడిని, దాని పైనున్న ఇత్తడి దిమ్మెను చేత్తో ముట్టుకుంది. "నీళ్లు కాగినయ్ గని ఇత్తడి కాగలే. సల్లటి ఇత్తడి గ్లాసుల ఛాయ్ పోస్తె ఏమైతది? గిది గంతే" అంది. ఆ రోజు అరగంట ఆగి తీశాం. చిక్కగా, తేనె రంగు నురగతో దిగింది. అదే పొడి, అవే పాలు!

అరగంట ముందు లేవడం ఎవరివల్ల అవుతుంది? అందుకే టైమరు. గుండ్రటి డయలు చుట్టూ 96 చిన్న పళ్లు, పన్నుకు పదిహేను నిమిషాలు. అయిదు నుంచి ఆరు దాకా నాలుగు పళ్లు నొక్కితే చాలు. అయితే ఓ రాత్రి గాలివానకు నలభై నిమిషాలు కరెంటు పోయింది, డయలూ అంతసేపు ఆగిపోయింది. పొద్దున లేచేసరికి మిషను చల్లగా ఉంది. అప్పటినుంచి లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు వాడుతున్నాను. మరో మాట, మీ మిషను స్విచ్చు నొక్కితే నొక్కినట్టే ఉండే రకం కావాలి. టచ్ బటన్ల మిషన్లు చాలావరకు కరెంటొచ్చినా మళ్లీ నొక్కేదాకా మేల్కోవు.

అన్నిటికన్నా ముఖ్యం ఆంపియర్లు. దయచేసి ఇది రాసుకోండి. మిషను అడుగున వాట్లు ఉంటాయి, వాటిని మన ఇంటి వోల్టేజీ 230తో భాగిస్తే మిషను లాగే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. మాది 1450 వాట్లు, అంటే ఆరు ఆంపియర్లు దాటింది. నేను తెలియక మొదట 6 ఆంపియర్ల టైమరు తెచ్చాను. మూడో రోజు ప్లాస్టిక్ కాలిన వాసన. పట్టుకుంటే చేయి చురుక్కుమంది. వెంటనే పీకేశాను. 16 ఆంపియర్లదే కొనండి, గీజరుకు వాడే పవర్ ప్లగ్గులోనే పెట్టండి. ఆరు కాదు, పదహారు.

ఇక పడుకునే ముందు ట్యాంకు నిండా ఫిల్టర్ నీళ్లు పోస్తాను. మా బోరు నీళ్లయితే లోపల సున్నం పేరుకుంటుంది. ఆవిరి నాబు బిగించి ఉందో లేదో చూస్తాను, రెండు కప్పులు మిషను మీద బోర్లిస్తాను. అయిదున్నరకు లేచి ముట్టుకుంటే ఆ కప్పులు వెచ్చగా తగులుతాయి.