అభ్యంతరాలుంటే గడువులోగా తెలియజేయవలెను: విశాఖ శ్రోతలతో ఫోన్-ఇన్

(రేడియోలో ప్రసారమైన సంభాషణకు అక్షర రూపం. అతిథి రెవెన్యూ శాఖలో డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యారు. ఫోన్ చేసినవారి పేర్లు తీసేసి ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే టెండరు ప్రకటనల పక్కన చీమ తలకాయంత అక్షరాలతో ఓ చిన్న గడి కనిపిస్తుంది. ‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’ అని మొదలవుతుంది. చాలామందిమి అక్కడితో పేజీ తిప్పేస్తాం. ఆ గడిలో ఏముంటుందో చెప్పడానికి ఈ రోజు మన స్టూడియోకి ఒక పెద్దాయన వచ్చారు. సార్, నమస్కారం.

అతిథి: నమస్కారమమ్మా. ఆ ‘యావన్మంది’ అంటే ఎవరో కాదు, మనమే. ముందు ఒక్క మాట చెప్పి ఫోన్లు తీసుకుందాం. నోటీసులో ‘ముసాయిదా’ అనో ‘ప్రాథమిక’ అనో ఉంటే పని ఇంకా అయిపోలేదని అర్థం. కూర పొయ్యి మీదే ఉంది, ఉప్పు చూడమని గరిటె మన చేతికిచ్చారు. దించేశాక ‘ఉప్పెక్కువైంది’ అంటే అప్పుడు చేసేది చాలా తక్కువ. కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. కాబట్టి నోటీసు చేతికి రాగానే మొట్టమొదట చూడాల్సింది ఆఖరి తేదీ.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ పెదగంట్యాడ నుంచి. చెప్పండి.

శ్రోత (పెదగంట్యాడ): నమస్కారమండీ. మా దగ్గర్లో ఓ ఫ్యాక్టరీని పెంచుతారంట. ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో వేశారు. మా వీధిలో వాళ్లేమో ‘ఎక్కువమంది వెళ్లి వద్దంటే ఆగిపోద్ది’ అంటున్నారు. నిజమేనా సార్?

అతిథి: అలా కాదు బాబూ. చేతులు లెక్కపెట్టే ఓటింగు కాదది. 2006లో వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఈ సభ జరుగుతుంది. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. కలెక్టరుగానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకి తగ్గని అధికారిగానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ, ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన రావాలి. పత్రికలు చేరని చోట్ల దండోరా వేయించాలని, రేడియోలో చెప్పించాలని కూడా అందులో రాసి ఉంది. రేడియోలో కూర్చున్నాను గనక ఆ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

శ్రోత (పెదగంట్యాడ): మరి ఓటింగు కానప్పుడు మేం వెళ్లి లాభమేంటండీ?

అతిథి: మీరు చెప్పిన మాట రికార్డుకెక్కుతుంది. సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేం చెప్పారో రాసుకున్నది అందరికీ వినిపించేలా చదివి, తెలుగులో వివరించాలి. ఆ చదివేటప్పుడు మాత్రం ఇంటికి బయల్దేరకండి. మీరు దుమ్ము గురించి మాట్లాడితే అందులో దుమ్ము ఉందో లేదో వినండి. లేకపోతే అక్కడే లేచి ‘నేనన్నది రాయలేదు’ అని చెప్పండి. మీరు లేవనెత్తిన ముఖ్యమైన విషయాలకి కంపెనీ తన తుది నివేదికలో జవాబివ్వాలి. ఆ తర్వాత నిపుణుల కమిటీ ముందుకెళ్లేది ఆ కాగితమే. కమిటీలో కూర్చున్నవాళ్లు మీ వీధి ఎప్పుడూ చూసి ఉండరు. వాళ్లకి పెదగంట్యాడ అంటే ఆ కాగితమే.

శ్రోత (పెదగంట్యాడ): నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలుందంటండీ.

అతిథి: తెలుగు సారాంశం ఇవ్వాల్సిందే, నిబంధన ఉంది. కలెక్టరాఫీసు, జిల్లా పరిషత్తు, కార్పొరేషన్ లేదా పంచాయతీ, జిల్లా పరిశ్రమల కేంద్రం, వీటిలో చూడొచ్చు. ‘నివేదిక చూడాలి’ అని గట్టిగా అడగండి, మొహమాటపడకండి. ముందు మీ ఊరి పేరు వెతకండి. బడి ఎంత దూరమని రాశారు, నీళ్లు ఎక్కడ్నుంచి తెస్తామన్నారు, వ్యర్థం ఎటు పోతుందన్నారు, ఈ మూడూ చూడండి. ‘దగ్గర్లో చెరువు లేదు’ అని రాసుంటే, మీ చెరువు ఫోటో తీసి జతచేయండి. నినాదాల కంటే ఆ ఫోటోకి బలమెక్కువ. సభకి రాలేనివాళ్లు మండలికి ఉత్తరం రాసినా లెక్కలోకి తీసుకోవాలి.

వ్యాఖ్యాత: ఆనందపురం నుంచి ఎవరో చాలాసేపట్నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి మాస్టారూ.

శ్రోత (ఆనందపురం): నమస్కారం. రిటైర్డ్ టీచర్ని. మా ఎకరం ముప్ఫై సెంట్లకి భూసేకరణ నోటీసొచ్చింది. 11వ సెక్షన్ అని ఉంది. భూమి ఇంకా మా నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి పదేళ్లయింది. పైగా ఒక సర్వే నంబరు తప్పు పడింది. ‘తప్పు పడింది కదా, నోటీసు చెల్లదు, ఊరుకోండి’ అని తెలిసినాయన అంటున్నాడు.

అతిథి: ఆ మాట మటుకు వినకండి మాస్టారూ. ఊరుకుంటే ‘అభ్యంతరాలు రాలేదు’ అని ఫైల్లో ఒక్క లైను రాసి ముందుకెళ్తారు. ఆ లైను నేనే ఎన్నోసార్లు రాశాను. 2013 భూసేకరణ చట్టంలో 15వ సెక్షన్ కింద, మీకొచ్చిన ఆ 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి 60 రోజుల్లోగా కలెక్టరు గారికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ‘నన్ను స్వయంగా విచారించాలి’ అని ఉత్తరంలో తప్పకుండా రాయండి. మీరు రావచ్చు, మీ తరఫున ఒక మనిషిని పంపొచ్చు, వకీలుని పెట్టుకోవచ్చు.

శ్రోత (ఆనందపురం): ఎకరానికి మార్కెట్ రేటు ఎంతో కూడా రాసేశానండీ అందులో.

అతిథి: అందరూ చేసే పొరపాటే ఇది. ఈ దశలో రేటు గురించి ఎంత రాసినా దాని జోలికి పోరు. ఇప్పుడు అడిగేది వేరు. ఈ భూమి ఈ పనికి తగినదేనా, ఆ పని నిజంగా ప్రజాప్రయోజనమేనా, సామాజిక ప్రభావ అంచనాలో, అంటే భూమి తీసుకుంటే జనం మీద ఏం ప్రభావం పడుతుందో చెప్పే నివేదికలో, రాసింది సరైనదేనా. పరిహారం సంగతి తర్వాత 21వ సెక్షన్ నోటీసులో వస్తుంది, ఆ కాగితం అప్పటికి దాచిపెట్టుకోండి. సర్వే నంబరు తప్పుని మాత్రం ఇప్పుడే పట్టుకోండి. పాస్‌బుక్కు, అడంగలు (పొలం సాగు వివరాల రికార్డు), నాన్నగారి మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం జతచేయండి. రికార్డులు సరిచేసే పని ఈ దశలోనే జరగాలని చట్టం చెబుతోంది. ఇంకోటి, ఈ నోటీసొచ్చాక ఆ భూమి అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. మీ పొలం కౌలుకి చేస్తున్నవాళ్లుంటే వాళ్లకీ చెప్పండి. మూడేళ్లుగా ఆ నేల మీద బతుకుతున్న కౌలుదార్లు, కూలీలు కూడా ప్రభావిత కుటుంబాల లెక్కలోకి వస్తారు. సాధారణంగా వాళ్లకి ఎవరూ చెప్పరు.

వ్యాఖ్యాత: సార్, ఉత్తరం రాయడమంటే చాలామందికి భయం. రెండు ముక్కల్లో ఎలా రాయాలో చెప్పేస్తారా? పెన్నూ కాగితం తెచ్చుకోండి శ్రోతలూ.

అతిథి: పైన ఎవరికి రాస్తున్నారో, ఆ అధికారి హోదా. కింద ‘విషయం’ దగ్గర నోటీసు నంబరు, తేదీ, ఏ పత్రికలో వచ్చిందో. ఆ నంబరు లేకపోతే మీ ఉత్తరం ఏ ఫైల్లో పెట్టాలో గుమస్తాకి తెలియదు. ఆ తర్వాత మీరెవరు, ఆ విషయంతో మీకేం సంబంధం. తర్వాత అభ్యంతరాలు, నంబర్లు వేసి ఒక్కోటి ఒక్కో పేరాలో. ప్రతిదానికీ ‘ఏం మార్చాలి’ అని రాయండి. ‘ఈ రోడ్డు వద్దు’ అని ఊరుకోకుండా ‘ఈ రోడ్డు స్కూలు గోడ పక్కనుంచి కాకుండా తూర్పు గట్టు మీదుగా వేయండి’ అని రాస్తే అధికారికి పని దొరుకుతుంది. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, ఇన్‌వార్డ్ నంబరు, అంటే కాగితం ఆఫీసుకి చేరినట్టు రిజిస్టర్లో ఎక్కించిన నంబరు, వేయించుకోండి. ‘తర్వాత రండి వేస్తాం’ అంటే అక్కడే కూర్చోండి. లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి.

వ్యాఖ్యాత: అందరూ కలిసి ఒకే ఉత్తరం జిరాక్సు తీసి పంపుతారు కదా, అది...

అతిథి: దాని గురించి చెప్పాలమ్మా. నేను పనిచేసిన ఒక ఆఫీసుకి ఓ ఊరి నుంచి పెద్ద కట్ట వచ్చింది. అన్నీ ఒకే జిరాక్సు, కింద సంతకాలు మాత్రం వేరు. పై అధికారి చూసి ‘ఇవన్నీ ఒకే అభ్యంతరం కింద రాయి’ అన్నారు. రాశాను. ఆ కట్టలో ఒకావిడ జిరాక్సు వెనక పెన్సిలుతో తన బావి గురించి రాసుకుంది. వెనక్కి తిప్పి చూసింది నేనొక్కడినే, అది కూడా గడువు అయిపోయాక. ఆ బావి సంగతి ఏ నివేదికలోనూ ఎక్కలేదు. ఇప్పటికీ నాకది బాధే. అందుకే చెబుతున్నాను, ఉత్తరం ఒకరు రాసిపెట్టినా, ఎవరి బావి గురించి వాళ్లు సొంతంగా రెండు లైన్లు ముందువైపే రాసుకోండి.

వ్యాఖ్యాత: మద్దిలపాలెం నుంచి. ఒక్క నిమిషంలో అడిగేయమ్మా.

శ్రోత (మద్దిలపాలెం): సార్, కరెంటు చార్జీల మీద కూడా అభ్యంతరాలు చెప్పొచ్చంటున్నారు. స్టూడెంట్లం, మాకు మీటరు కూడా లేదు, అద్దె ఇల్లు.

అతిథి: చెప్పొచ్చమ్మా. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, తన ప్రతిపాదన బయటపెట్టాలి, ప్రజల సలహాలు, అభ్యంతరాలు పరిశీలించాకే విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలు ఖరారు చేయాలి. దానికి 120 రోజులు గడువు. ‘ప్రజలు’ అంటే మీటరు ఉన్నవాళ్లనే కాదు, అద్దెతోపాటు బిల్లు కట్టే నువ్వు కూడా. మన డిస్కం ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది, కాగితాలు చూడ్డానికి దూరం వెళ్లక్కర్లేదు.

వ్యాఖ్యాత: కంచరపాలెం, చెప్పండి.

శ్రోత (కంచరపాలెం): మీరు చెప్పేదంతా బానే ఉంది గానండీ, నేను మూడుసార్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. వాళ్లనుకున్నదే చేస్తారు. జనాల్ని ఎందుకు తిప్పుతారు సార్ ఆఫీసుల చుట్టూ?

అతిథి: మీ కోపం న్యాయమైనదేనండీ. రాసిన ప్రతిదీ నెరవేరుతుందని నేననను. ఆ మాట అంటే అబద్ధమవుతుంది. కానీ మన పక్కనే జరిగింది చూడండి. 2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా ఇచ్చి 30 రోజులు అభ్యంతరాలు తీసుకున్నారు. ఆ ముసాయిదాలో శృంగవరపుకోట నియోజకవర్గం విశాఖ జిల్లాలో ఉంది, పార్లమెంటు నియోజకవర్గం ప్రకారం కలిపారు గనక. అక్కడివాళ్లు ‘మాకు విజయనగరమే దగ్గర’ అన్నారు. ఏప్రిల్ 4న 26 జిల్లాలు ఏర్పడేసరికి ఎస్.కోట విజయనగరంలోనే ఉంది. ముసాయిదా మారింది కదా. వేరేచోట్ల ఎంత అడిగినా మారనివీ ఉన్నాయి, అదీ నిజమే.

శ్రోత (కంచరపాలెం): అది రాజకీయం సార్, ఉత్తరాలు కాదు.

అతిథి: రాజకీయమూ ఉంటుంది, కాదనను. అయితే ఇంకోటి వినండి. 2020లో పర్యావరణ అనుమతుల నిబంధనలు మారుస్తామని కేంద్రం ముసాయిదా ఇచ్చింది. ఇందాక నేను చెప్పిన 30 రోజుల ముందస్తు గడువుని 20కి తగ్గించాలన్నది కూడా అందులో ఒకటి. అది కరోనా కాలం, పైగా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. ఢిల్లీ హైకోర్టు గడువు ఆగస్టు 11 దాకా పెంచి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించమంది. తెలుగు కూడా అందులో ఉన్నదే. దేశమంతటి నుంచీ లక్షల ఉత్తరాలెళ్లాయి. ఆ ముసాయిదా ఆ రూపంలో ఖరారు కాలేదు. మీ మూడు ఉత్తరాల సంగతికొస్తే, స్టాంపు వేసిన కాపీలున్నాయా?

శ్రోత (కంచరపాలెం): ఒకదానికుంది.

అతిథి: అయితే ఆ ఒక్కదాని మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసుకైతే 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘ఎందుకు చేయలేదు’ అని అడగొద్దు, అది సమాచారం కాదంటారు. ‘ఫలానా ఇన్‌వార్డ్ నంబరు ఉత్తరం మీద రాసిన నోట్‌ఫైలు నకలు ఇవ్వండి’ అని అడగండి. నోట్‌ఫైలంటే ఆ ఉత్తరం మీద అధికారులు ఒకరి తర్వాత ఒకరు రాసుకున్న మాటలు. మీ ఉత్తరం ఎవరి బల్ల మీద ఆగిందో దాంట్లో కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, పెదజాలారిపేట నుంచి. చెప్పమ్మా.

శ్రోత (పెదజాలారిపేట): నమస్కారం బావూ. మాకేటి తెల్దు గానీ, సముద్రం ఒడ్డున ఏటో గీత గీసి మ్యాపేసారంట. మావు వలలు ఆరేసుకునే జాగా, చేపలెండేసుకునే జాగా అందులో లేవంటన్నారు. మా అబ్బాయి సెల్లులో చూసాడు. ఇప్పుడేటి సెయ్యాలి?

అతిథి: అమ్మా, మంచి సమయానికి అడిగావు. తీరప్రాంత మ్యాపుల్లో మత్స్యకారుల ఊళ్లు, మీరంతా కలిసి వాడుకునే జాగాలు, చేపలెండబెట్టే చోట్లు చూపించాలని నిబంధనలున్నాయి. కలెక్టరు ఆధ్వర్యంలో జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, అందులో తీరం మీద బతికే సంప్రదాయ కుటుంబాల నుంచి కనీసం ముగ్గురుండాలి. మీ పేటలోంచి ఎవరైనా ఉన్నారేమో పెద్దల్ని అడుగు. ఈలోగా ఆ జాగా కొలవండి. గుడి నుంచి ఎన్ని అడుగులు, పడవలు ఎక్కడాగుతాయి, ఏ నెలల్లో వాడతారు, మీ తాతల కాలం నుంచి ఉందా, అన్నీ రాయించండి. వలలు ఆరేసినప్పుడు ఫోటోలు తీయించండి.

శ్రోత (పెదజాలారిపేట): నాకు సంతకం రాదు బావూ.

అతిథి: వేలిముద్ర చాలమ్మా. రాసినవాళ్ల చేత నీకు మొత్తం చదివించుకో. నువ్వు చెప్పిందే ఉందనిపించాకే ముద్ర వెయ్యి. పక్కన ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించు. ఆ నోటీసులో ఆఖరి తేదీ ఎప్పుడన్నాడమ్మా అబ్బాయి?

శ్రోత (పెదజాలారిపేట): వొచ్చే మంగళోరం అనుకుంతాను. ఆడు వేటకెల్లాడు, రేపు తెల్లారికొత్తాడు.

అతిథి: రేపు వద్దమ్మా. అబ్బాయి వచ్చేదాకా ఆగకు. మీ వీధిలో చదువుకునే పిల్లని పిలిచి, తేదీ ఏంటో ఇప్పుడే చూపించుకో. సాయంత్రానికి కాగితం మొదలెట్టించు.

శ్రోత (పెదజాలారిపేట): మా ఎదురింటి గుంట ఇంటర్ సదువుతంది. ఇదిగో, కేకేత్తన్నాను.