ఎంసీబీకి కనిపించేవి, కనిపించనివి

అందరికీ నమస్కారం.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఇంట్లో మెయిన్ బోర్డు మూత తెరిస్తే వరసగా ఎంసీబీలు, అంటే కరెంటు మితిమీరితే తెంచేసే చిన్న బ్రేకర్లు ఉంటాయి కదా, అవి దేనికి? ఎవరిని అడిగినా "షాక్ కొట్టకుండా" అంటారు. ఆ మాట నిజం కాదు. ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న తీగను. మనిషిని కాపాడటం దాని వల్ల అయ్యే పని కాదు.

లెక్క చూడండి. ఫేజ్ తీగ ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్న తీగను వదలాలన్నా వదల్లేరు. 30 దాటి కొద్ది క్షణాలు అలాగే ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఇంట్లో సాకెట్లకు సాధారణంగా వేసేది 16 ఆంపియర్ల ఎంసీబీ. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. 230 వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లంటే ఏడు వాట్లు. మనిషి ప్రాణం తీయగల కరెంటు ఎంసీబీకి ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగినట్టే కనిపిస్తుంది. దానికి ట్రిప్ అవ్వాల్సిన, అంటే తనంతట తాను పడిపోయి కరెంటు తెంచాల్సిన కారణమే ఉండదు.

అందుకే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బోర్డులో ఉన్న ప్రతి పరికరానికీ కొన్ని ప్రమాదాలు కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. ఏది దేనికి కనిపించదో తెలియకపోతే, బోర్డు నిండా ఖరీదైన బ్రేకర్లు పెట్టుకుని కూడా ప్రమాదంలోనే ఉంటాం.

ముందు ఎంసీబీ సంగతి. దాని లోపల రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి రెండు లోహాలను అతికించిన చిన్న పట్టీ. కరెంటు ఎక్కువై పట్టీ వేడెక్కితే రెండు లోహాలూ ఒకేలా సాగవు కాబట్టి అది వంగుతుంది, వంగి మీటను నెడుతుంది. రెండోది తీగచుట్ట. షార్ట్ అయినప్పుడు వందల, వేల ఆంపియర్లు ఒక్కసారిగా వస్తే ఆ చుట్ట అయస్కాంతమై లోపలి ఇనుప కడ్డీని లాగేస్తుంది. ఇది సెకనులో వందో వంతు చుట్టుపక్కలే జరిగిపోతుంది. 1924లో జర్మనీలో హ్యూగో స్టోట్జ్ కంపెనీ ఈ రెండింటినీ ఒకే చిన్న పెట్టెలో ఇమిడ్చి పేటెంటు తీసుకుంది. వందేళ్లు గడిచినా మూల సూత్రం అదే.

షార్ట్ అయిన క్షణంలో లోపల జరిగేది తెలిస్తే ఆ పెట్టె మీద గౌరవం పెరుగుతుంది. కాంటాక్టులు విడిపోయినంత మాత్రాన కరెంటు ఆగదు. మధ్యలోని గాలిలోంచే నిప్పుచాపంలా దూకుతుంది. ఆ చాపాన్ని పక్కనే పేర్చి ఉన్న పల్చటి ఇనుప రేకుల్లోకి తోసి, ముక్కలు చేసి, చల్లార్చి ఆర్పేస్తారు. ఎంసీబీ ముఖం మీద చిన్న చదరపు గడిలో 6000 లేదా 10000 అని ఉంటుంది, గమనించండి. అన్ని ఆంపియర్ల షార్ట్ కరెంటు వరకు అది పగిలిపోకుండా తెంచగలదని అర్థం. ఆ అంకె లేని, ప్రామాణిక గుర్తు లేని సరుకును ఇంట్లోకి రానివ్వకండి. ఇంకొక విషయం, మీటను చేత్తో పైకి పట్టుకుని ఉంచినా మంచి ఎంసీబీ లోపల ట్రిప్ అయిపోతుంది. దాన్ని బలవంతంగా ఆన్‌లో ఉంచాలని ఎవరూ ప్రయత్నించకూడదనే అలా చేశారు.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి. 16 ఆంపియర్లు అని రాసి ఉంటే 16 దాటగానే ట్రిప్ అవుతుందనుకుంటాం. అలా కాదు. ఇళ్లలో వాడే ఎంసీబీల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, రాసి ఉన్న అంకెకు 1.13 రెట్ల దాకా గంటసేపు ట్రిప్ కాకూడదు. 1.45 రెట్ల దగ్గర గంటలోపు ట్రిప్ అయి తీరాలి. 16 ఆంపియర్లదైతే 18 దాకా నిలబడుతుంది, 23 దగ్గర గంటలోపు పడిపోతుంది. ఈ రెంటి మధ్య పడొచ్చు, పడకపోవచ్చు.

ఒకే లైను మీద 2000 వాట్ల గీజరు, నీళ్లు వేడిచేసే వాషింగ్ మెషీన్ ఇంకో 2000, ఇస్త్రీ పెట్టె 1000 నడుస్తున్నాయనుకోండి. మొత్తం 5000 వాట్లు, అంటే దాదాపు 22 ఆంపియర్లు. ఎంసీబీ వెంటనే పడదు. అరగంటకో, ముప్పావు గంటకో పడొచ్చు. "ఊరికే పడిపోతోంది, పాడైనట్టుంది" అని ఇంట్లో వాళ్లు విసుక్కుంటారు. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి 32 ఆంపియర్లది వేసి వెళతారు. ఇక పడదు. సమస్య తీరిపోయిందని అందరూ సంతోషిస్తారు.

తీరలేదు. ఇళ్ల వైరింగ్‌లో ఇంతకంటే ప్రమాదకరమైన పని నాకు కనిపించదు. గోడ పైపులో ఉన్న 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ మోయగలిగేది సుమారు 20 ఆంపియర్లు. కొత్త ఎంసీబీ 36 ఆంపియర్లను గంటసేపు చూస్తూ ఊరుకుంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు 20 నుంచి 36కి పెరిగితే వేడి రెట్టింపు కాదు, మూడు రెట్లు దాటుతుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. అంతకు మించి వేడెక్కుతూ ఉంటే గట్టిపడి, పగుళ్లు వచ్చి, ఒకరోజు లోపలే రెండు తీగలు తగులుకుంటాయి. గోడ బయటికి మాత్రం ఏమీ తెలియదు.

కాబట్టి ముందు లోడు లెక్క కట్టాలి, ఆ లోడు మోసే తీగ ఎంచుకోవాలి, ఆ తీగ కాలిపోకుండా ఆపే ఎంసీబీ వేయాలి. ఈ వరస మారకూడదు. లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం తీగ మీద 6 లేదా 10 ఆంపియర్లు, సాకెట్లకు 2.5 మీద 16, ఏసీలాంటి పెద్ద లోడుకు విడిగా 4 మీద 20 అనేది చాలాచోట్ల పాటించే పద్ధతి. తీగ పొడవు, ఒకే పైపులో ఎన్ని తీగలున్నాయి, చుట్టూ ఎంత వేడి ఉంది అన్నవాటిని బట్టి ఇది ఇంకా తగ్గాల్సి రావొచ్చు. బి, సి రకాల తేడా కూడా ఒక ముక్కలో చెబుతాను. బి రకం రాసి ఉన్న అంకెకు మూడు నుంచి ఐదు రెట్ల దగ్గర తక్షణం పడుతుంది. సి రకం ఐదు నుంచి పది రెట్ల దగ్గర. స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్కువ లాగే మోటార్లకు సి వేస్తారు.

ఇక మనిషి సంగతి. మనిషిని చూడగలిగేది ఆర్‌సీసీబీ అనే ఇంకో రకం బ్రేకర్. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రెండు తీగలనూ ఒకే అయస్కాంత వలయంలోంచి పోనిస్తారు. రెండూ సమానమైతే వలయంలో ఏమీ ఉండదు. కొంత కరెంటు మనిషి ఒంట్లోంచో, తడి గోడలోంచో భూమిలోకి పోతే ఆ తేడా వలయానికి తెలుస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, తేడా అంతకు చేరిందంటే 0.3 సెకను లోపు తెంచేయాలి. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్ల్స్ డాల్జియెల్ మనుషులు ఎంత కరెంటు దగ్గర తీగ వదల్లేకపోతారో ఏళ్ల తరబడి కొలిచి చూశాడు. ఆ కొలతల పునాది మీదే 1961లో ఇలాంటి పరికరాన్ని తయారుచేశాడు. అక్కడ ఇళ్లలో వాడేవి ఇంకా సున్నితం, 5 మిల్లీ ఆంపియర్లకే పడతాయి.

"మాకు ఎర్త్ ఉంది కదా, ఇంకా ఇది ఎందుకు?" అని అడుగుతారు. దీనికీ లెక్కే సమాధానం. ఇంటి పక్కన రాడ్ పాతి తీసుకున్న ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకుందాం. గీజరు లోపల ఫేజ్ తెగి బాడీకి తగిలింది. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఎప్పటికీ పడదు. గీజరు బాడీ దాదాపు పూర్తి వోల్టేజీ మీద అలాగే కూర్చుని ఉంటుంది, కింద తడి నేల. అదే ఆర్‌సీసీబీ ఉంటే పదకొండున్నర ఆంపియర్లు దానికి చాలా పెద్ద తేడా, మనిషి ముట్టుకోకముందే తెంచేస్తుంది. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

అయితే ఆర్‌సీసీబీకి కూడా కనిపించనివి ఉన్నాయి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్లినంతా తిరిగి వస్తుంది, దానికి మీరూ ఒక బల్బే. ఉత్త ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడూ తెలియదు, అందుకే వెనక ఎంసీబీ ఉండాలి. రెండు పనులూ చేసే ఆర్‌సీబీవో వేరే ఉంటుంది. రెండు ఆర్‌సీసీబీల న్యూట్రళ్లను బోర్డులో ఎక్కడైనా కలిపేస్తే లోడు వేసిన ప్రతిసారీ పడుతుంది. కొందరు దాని పోరు పడలేక పీకి పక్కన పెట్టి నేరుగా కలిపేస్తారు. తప్పు వైరింగ్‌ది. దాన్ని వెతికి సరిచేయడానికి ఒక పూట పట్టవచ్చు. ఆ పూట పెట్టాల్సిందే. టెస్ట్ అని రాసి ఉన్న బటన్‌ను తయారీదారు చెప్పిన గడువులో నొక్కి చూడటం ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పని. నొక్కినా పడకపోతే దాన్ని మార్చేయాలి.

ఇప్పుడు ఈ ఇద్దరికీ కనిపించని ప్రమాదం, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. వదులు స్క్రూ.

సాకెట్ వెనక స్క్రూ సరిగా బిగించలేదు. తీగ నాలుగు పక్కలా ఆనడానికి బదులు ఒక చిన్న చోట మాత్రమే ఆనుతోంది. అక్కడ అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. 15 ఆంపియర్ల లోడు పడితే 15 ఇంటూ 15 ఇంటూ అర, 112 వాట్లు. పాతకాలపు వంద వాట్ల బల్బును ముట్టుకుంటే చెయ్యి కాలేది, గుర్తుందా? అంతకంటే ఎక్కువ వేడి ఒక్క స్క్రూ మొన దగ్గర పుడుతోంది. లోడు వేసినప్పుడు రాగి వ్యాకోచిస్తుంది, తీసేసినప్పుడు కుంచించుకుంటుంది, స్క్రూ ఇంకాస్త వదులవుతుంది. పైన ఆక్సైడ్ పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. సాకెట్ ముఖం మీద ఒక రంధ్రం చుట్టూ పసుపు మచ్చ, తర్వాత గోధుమ రంగు, ప్లగ్గు తీస్తే పిన్ను వేడిగా ఉండటం, కాలిన ప్లాస్టిక్ వాసన. ఇంత జరుగుతున్నా లైనులో కరెంటు 15 ఆంపియర్లే. ఎంసీబీకి అంతా సవ్యం. వెళ్లిందీ వచ్చిందీ సమానం, ఆర్‌సీసీబీకీ అంతా సవ్యం. నిప్పురవ్వలను పసిగట్టే బ్రేకర్లు వచ్చాయి, అమెరికాలో పడకగదుల సర్క్యూట్లకు వాటిని తప్పనిసరి చేశారు. రవ్వ లేకుండా ఊరికే వేడెక్కితే వాటికీ తెలియకపోవచ్చు.

దీన్ని ఆపగలిగేది వైరింగ్ చేసే మనిషి చెయ్యి మాత్రమే. ఇక్కడ కూర్చున్న పనివాళ్లకు చెప్పేది ఇది. తొడుగు ఎంత ఒలవాలో అంతే ఒలవండి. స్క్రూ కింద తొడుగు నలగకూడదు, బయట రాగి కనబడకూడదు. తొడుగు ఒలిచేటప్పుడు పోగులు తెగితే ఆ కొస కత్తిరించి మళ్లీ ఒలవండి. పోగుల తీగకు లగ్గు వేసి నొక్కండి. కొసకు టంకం పూసి స్క్రూ కింద పెట్టకండి, ఒత్తిడికి టంకం నెమ్మదిగా జారి స్క్రూ వదులవుతుంది. బిగించాక ప్రతి తీగనూ పట్టుకుని లాగి చూడండి. టార్క్ స్క్రూడ్రైవర్ ఉంటే తయారీదారు ఇచ్చిన విలువకు బిగించండి. పైపు లోపల జాయింటు వద్దే వద్దు, మూత తెరిచి చూడగలిగే పెట్టెలోనే ఉండాలి. మెలితిప్పి టేపు చుట్టడం జాయింటు కాదు.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపి, వీలైతే తాళం వేసి, తీగల మీద పరీక్షించాలి. పరీక్షించే మీటరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడండి. తర్వాత పని చేసే చోట, మళ్లీ మొదటి చోట. మధ్యలో మీటరే పాడై సున్నా చూపించలేదని నమ్మకం కలిగేది అప్పుడే. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగలేదని తీగ పట్టుకోవద్దు, అది వెలగకపోవడానికి వంద కారణాలుంటాయి. రంగును కూడా నమ్మొద్దు. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి రంగులు మారాయి, పైగా మీకంటే ముందు పని చేసిన వాళ్ల దగ్గర ఆ రోజు ఏ తీగ మిగిలిందో మీకు తెలియదు. ఇంటి యజమానులకు మాత్రం ఒక మాట. కొత్త లైను లాగడం, బోర్డు మూత విప్పడం లైసెన్సు ఉన్న వాళ్ల పని. మెయిన్ ఆపినా దాని పైన వచ్చే తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది.

చివరగా, బ్రేకర్ పడినప్పుడు ఏం చేయాలి? వెంటనే ఎగదోయకండి. అది పడిన తీరే ఒక సమాచారం. వేసిన క్షణంలోనే పడితే ఎక్కువగా షార్ట్. చాలాసేపు నడిచి పడితే ఓవర్‌లోడ్. పడింది ఆర్‌సీసీబీ అయితే లీకేజీ, అప్పుడు ప్లగ్గులన్నీ సాకెట్లలోంచి పూర్తిగా బయటికి లాగండి. స్విచ్ ఆపితే చాలదు, చాలా స్విచ్‌లు ఫేజ్‌నే తెంచుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది, లీకేజీ అటునుంచీ కావచ్చు. తర్వాత బ్రేకర్ వేసి, నిలబడితే ఒక్కో ప్లగ్గూ పెట్టుకుంటూ వెళ్లండి. ఏది పెట్టగానే పడిందో దోషం అందులో ఉంది. అన్నీ తీసేసినా పడుతుంటే దోషం వైరింగ్‌లో ఉంది, ఇక వేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పిలిచి ఏ బ్రేకర్ పడింది, వేసిన ఎంతసేపటికి పడింది, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి, ఈ మూడూ చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు ఫోన్లోనే తెలిసిపోతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.