స్టీఫెన్ కింగ్ సృష్టించిన అసలు దయ్యం పెన్నీవైజ్ కాదు, నాన్న!

నమస్కారం. భయానక నవలలకు పేరుపొందిన అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ అభిమానులు నలుగురు కలిసి తమకు ఇష్టమైన నవలల గురించి చెప్పుకోవడం మొదలుపెడితే ఏ పేర్లు వినిపిస్తాయో మీకు తెలియనిది కాదు. ఒకరు ‘ఇట్’ అంటారు, మరొకరు ‘ది స్టాండ్’ అంటారు, చాలామంది ‘ది షైనింగ్’ అంటారు. ‘పెట్ సెమటరీ’ మాట ఎత్తగానే మాత్రం “అమ్మో, అది మళ్ళీ చదవలేం” అని పక్కకు నెట్టేస్తారు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. భయపెట్టడం కోసమే రాసిన నవలను రెండోసారి తెరవడానికి చెయ్యి రాకపోతే, అది ఆ నవల గెలిచినట్టే కదా! మరి దానిని ఐదో స్థానంలోనో ఆరో స్థానంలోనో కూర్చోబెట్టడం ఏం న్యాయం?

నా వాదన ఒక్కటే. కింగ్ నవలల్లో అందరికంటే భయంకరమైనవాడు ‘ఇట్’లో జోకర్ వేషంలో మురికికాలువలో పొంచి ఉండే పెన్నీవైజ్ కాదు, తండ్రి.

1947లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టిన కింగ్‌కు రెండేళ్ళ వయసున్నప్పుడు, ఆయన తండ్రి సిగరెట్లు కొనుక్కొస్తానని ఇంట్లోంచి బయటికి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. దొరికిన పనల్లా చేసి ఇద్దరు కొడుకులను పెంచింది తల్లే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని ఆయన నవలలను మళ్ళీ తెరవండి. ‘ఇట్’లో బెవర్లీ అనే అమ్మాయిని చిన్నతనంలో వణికించినది జోకర్ కంటే ముందు ఆమె తండ్రి, నీ గురించి నాకు బెంగగా ఉందంటూనే ఆ పిల్లను కొడతాడు. ‘క్యారీ’లో రాక్షసి తల్లి కదా అని మీరు అడుగుతారు. నిజమే, అయితే ఆ ఇంట్లో తండ్రి లేడన్న సంగతి కూడా గమనించండి.

ఇక 1977లో వచ్చిన ‘ది షైనింగ్’ సంగతి. దర్శకుడు కుబ్రిక్ 1980లో తీసిన సినిమా చూసి నవల కూడా తెలిసిపోయిందనుకునేవారిని చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది. సినిమాలో తండ్రి జాక్ మొదటి సన్నివేశం నుంచే పిచ్చివాడిలా కనిపిస్తాడు. నవలలో జాక్ కొడుకును ప్రాణంగా ప్రేమించే మనిషి. తాగిన మైకంలో ఒకసారి ఆ పిల్లవాడి చెయ్యి విరిచి, ఆ అపరాధాన్ని మోస్తూ, మళ్ళీ తాగకుండా బతకాలని పళ్ళు బిగించి ప్రయత్నిస్తున్న మనిషి. చివరిలో, వాళ్ళు ఉంటున్న దయ్యాల హోటల్ అతణ్ణి పూర్తిగా మింగేసిన తరువాత కూడా ఒక్క క్షణం తండ్రి బయటికి వచ్చి, పారిపొమ్మని కొడుకుకు చెబుతాడు. సినిమాలో ఆ క్షణమే లేదు. ఆ సినిమా కింగ్‌కు నచ్చకపోవడంలో నాకు ఆశ్చర్యం ఏమీ కనిపించదు.

అయినా ‘ది షైనింగ్’లో తండ్రిని చెడగొట్టడానికి ఒక హోటల్ ఉంది. ‘పెట్ సెమటరీ’లో తండ్రి చెడ్డవాడు కానే కాదు, అందుకే అది మరీ ఘోరం. కింగ్ ఆరింగ్టన్ అనే ఊళ్ళో లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన అద్దె ఇంట్లో ఉన్నప్పుడు కూతురి పిల్లి స్మకీ ఆ రోడ్డు మీదే చనిపోయింది. ఆ చుట్టుపక్కల పిల్లలు తమ పెంపుడు జంతువులను పూడ్చుకునే చోట ‘పెంపుడు జంతువుల శ్మశానం’ అని ఇంగ్లీషులో తప్పు స్పెల్లింగుతో రాసి పెట్టిన బోర్డే నవలకు పేరయింది. ఒకరోజు ఆయన చిన్న కొడుకు అదే రోడ్డు వైపు పరుగెత్తితే, కింగ్ వెంటపడి పట్టుకున్నారు. పట్టుకోలేకపోయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నే ఈ నవల. రాసిన తరువాత దీనిని అచ్చుకు ఇవ్వడం ఇష్టంలేక సొరుగులో పడేశారు. పాత ప్రచురణకర్తలకు ఇంకొక పుస్తకం బాకీ ఉండబట్టి 1983లో బయటికి వచ్చింది. ఎన్ని పుస్తకాలు రాసినా, తనను అందరికంటే ఎక్కువ భయపెట్టినది ఇదేనని ఆయనే చెప్పారు. రాసినవాడే భయపడిన పుస్తకం ఇది!

గాలిపటం అధ్యాయం గుర్తుందా? ఈ నవలలోని తండ్రి లూయిస్ తన చిన్నారి కొడుకు గేజ్ చేతికి దారం అందించి, రాబందు గాలిపటాన్ని పైకి ఎగరేస్తాడు. పిల్లవాడు కేరింతలు కొడుతుంటే, వాడు ఇక రెండు నెలలు కూడా బతకడని కింగ్ ఆ వాక్యంలోనే చెప్పేస్తారు. చేతబడి సీరియళ్ళ కోసం వారపత్రిక ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసిన తరం మనది. తరువాత ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠే భయమని అనుకున్నాం. ఇక్కడ ఏం జరగబోతుందో ముందే తెలుసు, తెలిసి కూడా పేజీ తిప్పాలి. తరువాత రోడ్డు, లారీ, పిల్లవాడి జాకెట్టు వీపును తాకి జారిపోయిన తండ్రి వేళ్ళు. అక్కడితో ఆగని కింగ్, ఒక పేజీలో గేజ్‌ను బతికించి, పెంచి పెద్దవాణ్ణి చేసి, ఒలింపిక్స్‌లో ఈత కొట్టిస్తారు. అదంతా లూయిస్ ఊహ. కళ్ళు తెరిస్తే ఉన్నది రక్తం నిండిన చిన్న టోపీ.

నవలలో ఆ జంతువుల శ్మశానం దాటి అవతల, పూడ్చినవి మళ్ళీ లేచి వచ్చే చోటు ఒకటి ఉంది. అక్కడ పూడ్చిన తమ ఇంటి పిల్లి ఎలా మారి తిరిగి వచ్చిందో లూయిస్ కళ్ళారా చూశాడు. చూసి కూడా, ఒక రాత్రి కొడుకు సమాధిని తవ్వి, ఆ శవాన్ని భుజాన వేసుకుని అదే చోటికి నడుస్తాడు. ఆ నడక చదువుతున్నంతసేపూ వద్దని అరవాలనిపిస్తుంది, కానీ అతని చోట నేనుంటే ఆగేవాణ్ణని చెప్పలేను. ‘ఇట్’ను మొదటి స్థానంలో పెట్టేవారు ఆ అధ్యాయాన్ని ఒక్కసారి మళ్ళీ చదివి, పెన్నీవైజ్ తమను ఎప్పుడైనా ఈ పరిస్థితిలో నిలబెట్టాడేమో నాకు చెప్పండి.