సోలార్ కరెంటుకు చీటీ పాట: ఓర్వకల్లు ఎండకు ధర ఎలా కట్టారు?

[దృశ్యం: కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు. ఓర్వకల్లు దాటాక దూరంగా నీలం రంగు పలకల వరసలు. మాట్లాడే మనిషి రోడ్డు పక్కన నిలబడి ఉంటారు.]

నమస్తే. ఇక్కడి నుంచి లోపలికి పోతే శకునాల, గని గ్రామాలు వస్తాయి. ఆ కనిపిస్తున్నదే కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు. దాదాపు 5,900 ఎకరాలు, 1,000 మెగావాట్లు. 2017లో పూర్తయింది. ఇందులో 850 మెగావాట్ల కరెంటుకు ఒకటే ధర: యూనిట్‌కు 4 రూపాయల 63 పైసలు. 25 ఏళ్లపాటు అదే ధర.

ఈ 4.63 అనే అంకెను ఏ మంత్రీ నిర్ణయించలేదు, ఏ అధికారీ రాయలేదు. అది పాటలో వచ్చింది. ఆ పాట ఎలా సాగిందో, అందులో ప్రభుత్వం చేసిన సాయం ఏమిటో ఈ వీడియోలో చెప్తాను. ఎందుకంటే కర్నూలు, అనంతపురం, కడప, మన ఈ మూడు పాత జిల్లాల నేల మీద ఇంత జరుగుతుంటే, మనలో చాలామంది ఇప్పటికీ "సోలార్‌కు సబ్సిడీ ఇస్తున్నారంట కదా" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్నాం.

[దృశ్యం: ఒక ఇంటి వసారా. పది మంది కూర్చుని చీటీ పాట పాడుతున్నారు.]

చీటీ పాట మీకు తెలిసిందే. లక్ష రూపాయల చీటీ అనుకోండి. ఒకరు "పది వేలు వదులుకుంటా" అంటారు. ఇంకొకరు పన్నెండు అంటారు, మరొకరు పదిహేను. ఎవరు ఎక్కువ వదులుకుంటే చీటీ వాళ్లది. ఆదోని యార్డులో పత్తి పాట ధరను పైకి తీసుకుపోతుంది. చీటీలో మాత్రం పాడే కొద్దీ పాడినవాళ్ల చేతికొచ్చేది తగ్గుతుంది. సోలార్ వేలం ఈ రెండో రకం. దీన్నే రివర్స్ ఆక్షన్ అంటారు.

టెండరు పిలిచేది ఎక్కువగా కేంద్ర సంస్థలు, సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) లేదా ఎన్టీపీసీ. "మాకు 500 మెగావాట్లు కావాలి" అని ప్రకటిస్తాయి. కంపెనీలు ముందుగా తమ ఆర్థిక స్తోమత చూపించాలి, బ్యాంకు గ్యారంటీ కట్టాలి. తర్వాత ఒక్కొక్కరు తమ ధరను సీల్డ్ కవరులో పెట్టినట్టు ఆన్‌లైన్‌లో ఇస్తారు. చివర్లో అసలు పాట. అందరూ తమ తమ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని పైసా పైసా తగ్గించుకుంటూ పోతారు. ఇక ఎవరూ తగ్గించని దగ్గర పాట ఆగుతుంది. తక్కువ చెప్పినవాళ్ల నుంచి మొదలుపెట్టి, కావలసిన మెగావాట్లు నిండేవరకు పంచుతారు. గెలిచినవాళ్లతో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంటారు. దాన్నే పీపీఏ అంటారు.

పైసాలో ఏముంది అనుకోకండి. 1,000 మెగావాట్ల ప్లాంటు తన పూర్తి సామర్థ్యంలో సగటున 20 శాతం పనిచేస్తుందని లెక్క వేస్తే, ఏడాదికి 175 కోట్ల యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్‌పై ఒక్క పైసా తగ్గితే డిస్కమ్‌కు, అంటే మన ఇళ్లకు కరెంటు పంచే సంస్థకు, ఏడాదికి కోటీ 75 లక్షలు మిగులుతాయి. రూపాయి తగ్గితే 175 కోట్లు. పాటలో గంటసేపు సాగిన పోటీ ఫలితాన్ని 25 ఏళ్లపాటు మన కరెంటు బిల్లు మోస్తుంది.

[దృశ్యం: రామగిరి కొండల మీద పాత గాలిమరలు.]

పాట పద్ధతి రాకముందు ఎలా ఉండేదో రామగిరి కొండలు చూస్తే తెలుస్తుంది. 1990ల్లోనే ఇక్కడ గాలిమరలు నిలబెట్టారు. అప్పట్లో ప్రభుత్వ సాయం అంటే ప్రధానంగా పన్ను మినహాయింపు. యంత్రం నిలబెడితే చాలు, దాని ఖర్చును లాభాల్లోంచి త్వరగా తీసేసుకుని పన్ను తగ్గించుకోవచ్చు. అది ఎన్ని యూనిట్లు ఇచ్చిందన్నది ఆ లెక్కలో లేదు. తర్వాత యూనిట్‌కు ఇంత అని విద్యుత్ నియంత్రణ మండలే ధర కట్టడం వచ్చింది. 2016-17లో మన రాష్ట్రంలో గాలి కరెంటుకు 4 రూపాయల 84 పైసలు. 2017 ఫిబ్రవరిలో సెకీ మొదటిసారి గాలికి పాట పెట్టగానే ధర 3.46కు దిగింది. ఒక్క పాటతో రూపాయికి పైగా తేడా!

సోలార్‌లో దిగిన తీరు ఇంకా ఆశ్చర్యం. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర నియంత్రణ మండలి లెక్క కట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. ఆ ఏడాది చివర్లో పాట పెడితే అత్యల్పం 10.95 పలికింది. మరుసటి ఏడాది 7.49. 2015 నవంబరులో మనం మొదట చూసిన ఓర్వకల్లు పార్కుకు 4.63. అప్పటికి అది దేశంలోనే రికార్డు. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా మైలవరం దగ్గరి పార్కులో 250 మెగావాట్లకు 3.15.

ఎండ మారలేదు. పలకల ధర పడిపోయింది, అది నిజం. కానీ అదొక్కటే కారణం కాదు. నేను ఈ వీడియో చేయడానికి కారణం కూడా ఇదే.

మళ్లీ చీటీ దగ్గరికి రండి. చీటీ నడిపే మనిషి ఎవరో తెలియకపోతే మీరు పాట పాడతారా? డబ్బు టైముకు ఇస్తాడన్న గురి ఉంటేనే ఎక్కువ వదులుకోవడానికి ధైర్యం వస్తుంది. సోలార్ పాటలో ప్రభుత్వం చేసే అసలు సాయం ఆ గురి కుదర్చడమే.

[దృశ్యం: పార్కు లోపల సబ్‌స్టేషన్, హైటెన్షన్ టవర్లు.]

ఓర్వకల్లులో కంపెనీలు రైతు దగ్గరికి వెళ్లి భూమి అడగాల్సిన పని లేకుండా పోయింది. పార్కుకు భూమి సేకరించింది, రోడ్లు వేసింది, సబ్‌స్టేషన్లు కట్టింది రాష్ట్రంలోని సోలార్ పవర్ కార్పొరేషన్. సెకీ, రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ కలిసి పెట్టిన సంస్థ అది. కంపెనీలు దానికి ఫీజు కడతాయి. పార్కు పనులకు కేంద్రం మెగావాట్‌కు 20 లక్షల వరకు ఇచ్చే పథకం 2014 చివర్లో వచ్చింది. ఇక కరెంటు కొనేది ఎన్టీపీసీ. అది రెండు మెగావాట్ల సోలార్‌కు ఒక మెగావాటు బొగ్గు కరెంటు కలిపి డిస్కమ్‌లకు అమ్ముతుంది, కాబట్టి సగటు ధర అందుబాటులోకి వస్తుంది. డిస్కమ్‌లు డబ్బు ఎగ్గొడితే రాష్ట్రానికి వచ్చే నిధుల్లోంచే పట్టుకునే త్రైపాక్షిక ఒప్పందం ఎన్టీపీసీ వెనక ఉంది. ఇన్ని గ్యారంటీలు కనబడితే బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. సోలార్ ప్లాంటుకు ఇంధనం ఖర్చు లేదు, పెట్టుబడే ఖర్చంతా. వడ్డీ తగ్గితే యూనిట్ ధర తగ్గుతుంది. అంతే లెక్క.

పాటలో ప్రమాదం కూడా ఉంది. ఇక్కడ 500 మెగావాట్లు 4.63కు గెలిచిన సన్ ఎడిసన్ అనే అమెరికా కంపెనీ 2016 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. దాని భారత ఆస్తులను గ్రీన్‌కో అనే కంపెనీ కొని, ఈ ప్లాంటును పూర్తి చేసింది. చీటీ ఎత్తినవాళ్లను ష్యూరిటీ ఎందుకు అడుగుతారో, టెండరులో బ్యాంకు గ్యారంటీ అందుకే అడుగుతారు.

గురి తప్పితే ఏమవుతుందో కూడా మన రాష్ట్రమే చూసింది. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయని, డిస్కమ్‌లు నష్టాల్లో ఉన్నాయని చెప్పి, ధరలు తగ్గించడానికి సంప్రదింపుల కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సెప్టెంబరులో గాలికి 2.43, సోలార్‌కు 2.44 చొప్పున తాత్కాలికంగా చెల్లించమని ఆదేశం వచ్చింది. ఆ అంకెలు 2017లో గుజరాత్, రాజస్థాన్ పాటల్లో పలికినవి. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసి, ఒప్పందంలో రాసిన ధరే ఇవ్వాలని చెప్పింది. డిస్కమ్‌ల కష్టం నిజమే, నేను కాదనను. కానీ ఈ ఏడాది పక్క ఊరి చీటీ ఎంతకు పోయిందో చూసి, మూడేళ్ల కిందట మన ఊళ్లో పాడినవాళ్ల డబ్బు కోయడం ధర్మం కాదు. మన దగ్గర ఆ భయం ఉందంటే తర్వాతి పాటలో దాన్ని కూడా కలుపుకునే ధర చెప్తారు.

[దృశ్యం: నంబులపూలకుంట. పార్కు కంచె, బయట మేకలు.]

ఇది ఎన్.పి.కుంట. ఒకప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పార్కు కొంత ఇక్కడ, కొంత పక్కనే పాత కడప జిల్లా గాలివీడు మండలంలో ఉంది. 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్లు ఇక్కడే మొదలుపెట్టింది. పాటలో పైసలకు పోటీ ఉంటుంది కానీ, ఈ కంచె లోపల మేతకు తిరిగిన మేకలకు, అసైన్డ్ భూమి దున్నుకున్న కుటుంబానికి ఆ పాటలో చోటు లేదు. భూమి ధర పాటకు ముందే తేలిపోతుంది. ఆ రోజు తక్కువ కట్టి ఉంటే, ఆ తక్కువ కూడా పాటలో వచ్చిన ధరలో కలిసిపోయి "చవక కరెంటు" అనిపించుకుంటుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మెగావాట్‌కు ఏటా ఇంత అని భూమి ఇచ్చినవాళ్లకు కౌలు కట్టాలన్న షరతు టెండరులోనే ఉండాలి. యూనిట్‌కు కొన్ని పైసలు పెరిగితే పెరగనీ.

టెండరులో ఏది రాస్తే అదే వస్తుంది కాబట్టి ఈ మాట అంటున్నాను. "తక్కువ ధర" అని మాత్రమే రాశారు, గాలి పాటల తొలి ప్రాజెక్టులు ఎక్కువగా గాలి బలంగా వీచే గుజరాత్, తమిళనాడుకు పోయాయి. సాయంత్రం కరెంటు కావాలని రాస్తే అదీ వచ్చింది. 2020 జనవరిలో సెకీ పీక్ అవర్స్ కోసం, అంటే కరెంటు వాడకం ఎక్కువగా ఉండే వేళల కోసం, ప్రత్యేకంగా పాట పెట్టింది. 900 మెగావాట్లు గెలిచిన గ్రీన్‌కో ధర పీక్‌లో 6 రూపాయల 12 పైసలు, మిగతా సమయంలో 2.88. అంటే మధ్యాహ్నం యూనిట్, రాత్రి ఏడు గంటల యూనిట్ ఒకటి కావని ధరలోనే రాసుకున్నారు.

[దృశ్యం: పిన్నాపురం కొండల మధ్య నీళ్లు. పొద్దు వాలుతోంది.]

ఓర్వకల్లు పార్కుకు దగ్గర్లోనే పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు చేపట్టింది అందుకే. పగలు ఎండ కరెంటుతో నీళ్లను పై చెరువుకు ఎక్కిస్తారు, పొద్దు పోయాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. వచ్చే వీడియోలో ఆ కట్ట మీద నిలబడి, ఎక్కించిన నీళ్లలో ఎంత కరెంటు తిరిగి వస్తుందో లెక్క వేద్దాం.