కరెంటు వచ్చింది, డాక్ లేవలేదు: ఏడు వారాలు వాడాక నా రివ్యూ

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ నల్ల పెట్టె రెండు హార్డ్ డిస్కులు పట్టే డాక్. ఒక కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో రాసివ్వలేదు. ఒక నెల వాడి చెప్పండి అన్నారు, నేను ఏడు వారాలు వాడాను. పేరు మాత్రం చెప్పను. ఈరోజు నేను తిట్టబోయే లోపం ఈ ఒక్క కంపెనీ సొత్తు కాదు, ఇదే రకం బటన్ పెట్టిన డాక్‌లు బజారులో చాలా ఉన్నాయి. పేరు చెబితే మీరు దీన్ని మానేసి పక్కన ఉన్నదాన్ని కొంటారు, మళ్లీ అదే గోతిలో పడతారు.

సాంకేతిక వివరాలు మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. మూడున్నర అంగుళాలవీ రెండున్నర అంగుళాలవీ పడతాయి, యూఎస్‌బీ 3, విడిగా 12 వోల్టుల అడాప్టర్. వేగం పరీక్షలు నేను చేయలేదు. టీవీ రికార్డింగుకు వేగంతో పనేమిటి? మామూలు ఛానల్ ఒకటి సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుందనుకుంటే, డిస్కు మీదకు వెళ్లేది సెకనుకు అర మెగాబైటు. గంటకు 1.8 గిగాబైట్లు. పాతికేళ్ల కిందటి డిస్కు కూడా నిద్రపోతూ రాయగలదు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం మా ఇంటి సంగతి. బెంగళూరు మారతహళ్లిలో మూడో అంతస్తు. మేడ మీద చిన్న డిష్, ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది, ఎందుకంటే జీశాట్-15 ఉపగ్రహం ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున. డీడీ ఫ్రీ డిష్ వస్తుంది, నెల నెలా చందా లేదు. కేబుల్ కిందికి దిగి ట్యూనర్‌లోకి, అక్కడి నుంచి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లోకి వెళుతుంది. అందులో టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. ఇదంతా నాన్నగారి కోసం. బెంగళూరులో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నా ఆయనకు డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి చూడనిదే తెల్లవారదు. రోజుకు ఐదారు గంటలు రికార్డు చేయిస్తారు, చూసేది రెండు గంటలు. తక్కినవి తీసేయమంటారా అని అడిగితే “ఉండనీ అమ్మాయీ” అంటారు. మా ఇంట్లో ఇన్ని డిస్కులు పుట్టింది ఆ “ఉండనీ” వల్లనే.

మొదట్లో రెండు చిన్న పోర్టబుల్ డిస్కులను నేరుగా కంప్యూటర్‌కే తగిలించాను. అది పెద్ద పొరపాటు. రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిసి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే. పోర్టబుల్ డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కటే దాదాపు ఒక ఆంపియరు లాగుతుంది. ఇక రెండోది లేచినప్పుడల్లా మొదటిది టక్కుమని పడిపోయేది. నేను డిస్కు పాడైందనుకుని కొత్తది కొన్నాను, అదీ అలాగే పడిపోయింది. ఇంకొకటి కొనబోతుంటే ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఒక దుకాణదారుడు “డిస్కు వద్దమ్మా, పవర్ ఉన్న హబ్ తీసుకో” అని, విడిగా గోడ ప్లగ్ నుంచి కరెంటు తీసుకునే ఒక బండ హబ్ అంటగట్టాడు. దాని అందచందాల గురించి మాట్లాడకపోవడమే మేలు. కానీ ప్రతి పోర్టుకూ ఒక స్విచ్ ఉంది. నొక్కితే టక్కుమని లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయే రకం. ఈ “ఉండిపోవడం” అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఈరోజు గొడవంతా దాని చుట్టూనే.

ఇప్పుడు కొత్త డాక్. ముందు బాగున్నవి త్వరగా చెప్పేస్తాను. పెద్ద డిస్కులు పడతాయి కాబట్టి నాలుగు చిన్నవాటిని రెండు పెద్దవాటిలోకి సర్దేశాను. నిలువుగా గుచ్చితే చాలు, స్క్రూలు లేవు. ఎవరూ వాడకపోతే పది నిమిషాలకు డిస్కులను తనే నిద్రపుచ్చుతుంది. నిద్రలో ఉన్నది లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అందుకే రికార్డింగును అసలు సమయానికి రెండు నిమిషాల ముందే మొదలుపెట్టమని టీవీహెడ్‌ఎండ్‌లో పెట్టుకున్నాను. దూరదర్శన్ సమయపాలన తెలిసినవాళ్లు ఆ రెండు నిమిషాలు ఎలాగూ పెట్టుకుంటారు. మొదటి రెండు వారాలూ దీన్ని తెగ పొగిడాను. హబ్‌ను అటక మీద పెట్టేశాను కూడా.

మూడో వారంలో ఒక రాత్రి కరెంటు పోయింది.

మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంది. అది అందుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. తర్వాత అసలు కరెంటు వచ్చినప్పుడు అటు మారడానికి మళ్లీ ఒక క్షణం చీకటి. అంటే మీటరు లెక్కలో ఒక్క కోత, నా డాక్ లెక్కలో రెండు. రాస్ప్‌బెర్రీ పైకి కరెంటు రాగానే ఎవరూ పిలవకుండానే లేస్తుంది, దానికి బటన్ లేదు. ట్యూనర్ లేస్తుంది. రూటర్ లేస్తుంది. ఈ డాక్ లేవదు. ఎందుకంటే దీని బటన్ మెత్తని బటన్. నొక్కితే లోపలికి వెళ్లి వెంటనే బయటికి వచ్చేస్తుంది. తను వెలిగి ఉందా ఆరి ఉందా అన్న సంగతి లోపలి చిప్ గుర్తుంచుకోవాలి. కరెంటు పోతే చిప్‌కు మతిమరుపు. మతిమరుపు వస్తే ఆరిపోయి ఉండాలని ఎవరో నిర్ణయించారు. ఆ మహానుభావుడి ఇంట్లో కరెంటు ఎప్పుడూ పోలేదనుకుంటాను.

“ఇంతేనా, లేచి బటన్ నొక్కుకోవచ్చు కదా” అంటారు. నొక్కేదాన్నే, పోయిందని తెలిస్తే. తెలియకపోవడానికి కారణం నేనే.

రాస్ప్‌బెర్రీ పైలో నడిచే లైనక్స్‌లో ఏ డిస్కును ఏ ఫోల్డర్‌కు తగిలించాలో ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో రాస్తాం. డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేరుతో రాయకండి, అవి రీస్టార్ట్ అయినప్పుడు తారుమారవుతాయి, డిస్కుకు ఉండే మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీతో రాయండి అని మన పాత వీడియోలో చెప్పాను. అది ఇప్పటికీ నిజమే. అదే వీడియోలో పక్కన నోఫెయిల్ అన్న మాట చేర్చమని కూడా చెప్పాను, లేకపోతే డిస్కు దొరకనప్పుడు కంప్యూటర్ సగంలో ఆగి కూర్చుంటుంది. అదీ నిజమే. అయితే నోఫెయిల్ ఉంటే ఏమవుతుంది? డిస్కు లేకపోయినా కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. “రికార్డింగులు” అనే ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది, కానీ ఉంటుంది. టీవీహెడ్‌ఎండ్ హాయిగా అందులోకి రాసేస్తుంది. ఆ ఫోల్డర్ ఉన్నది డాక్‌లోని డిస్కు మీద కాదు, కంప్యూటర్‌లోని గోరంత మెమరీ కార్డు మీద. మాది 32 జీబీ కార్డు, అందులో ఖాళీ ఉన్నది ఇరవై. గంటకు 1.8 లెక్కన పదకొండు గంటలకు నిండిపోతుంది. నాన్నగారి లెక్కలో రెండు రోజులు.

ఆ రెండు రోజులూ ఏ తప్పూ పైకి కనిపించలేదు. రాత్రి వార్తలు రికార్డు అయ్యాయి, పొద్దున ఆడాయి కూడా. నాన్నగారు మాత్రం ఒకసారి “అమ్మాయీ, పాతవేవీ ఆడటం లేదే” అన్నారు. నేను ఆఫీసు కాల్‌లో ఉండి “మళ్లీ నొక్కి చూడండి నాన్నా” అన్నాను. ఈ మాట వీడియోలో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మూడో రోజు తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన. పుష్య బహుళ పంచమి పొద్దున పంచరత్న గోష్ఠి గానం ప్రత్యక్ష ప్రసారం. ఏడాదికి ఒక్కసారి. ఆ పూట నాన్నగారికి కంటి పరీక్ష ఉంది, వచ్చాక చూసుకుందామని రికార్డు పెట్టి వెళ్లాం. వచ్చి చూస్తే ఐదు కృతుల్లో నాట అయింది, గౌళ అయింది, ఆరభి మధ్యలో తెర నల్లబడింది. కార్డు నిండిపోయింది. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. టీవీ ఆపేసి కంటిలో మందు చుక్కలు వేయమన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. బటన్ నొక్కి డిస్కును తగిలించగానే ఆ రెండు రోజుల రికార్డింగులు మాయమయ్యాయి! పాతవి తిరిగొచ్చాయి, కొత్తవి లేవు, కార్డు మాత్రం నిండుగానే ఉంది. గంటసేపు వెతికాక బుర్రకు తట్టింది. డిస్కును ఒక ఫోల్డర్ మీద మౌంట్ చేస్తే, అంటే తగిలిస్తే, అంతకుముందు ఆ ఫోల్డర్‌లో ఉన్నవి పోవు, కింద పడి ఉంటాయి. చాప పరిస్తే నేల కనపడనట్టు. డిస్కును అన్‌మౌంట్ చేసి చూస్తే అన్నీ అక్కడే ఉన్నాయి, సగం ఆరభితో సహా. మీ కార్డులో జాగా కారణం లేకుండా నిండిపోయి ఉంటే ముందు ఈ చాప ఎత్తి చూడండి.

దీనికి మందు ఒక్క వరుస ఆజ్ఞ, తెర మీద చూపిస్తున్నాను. డిస్కును అన్‌మౌంట్ చేసి, ఖాళీ ఫోల్డర్ మీద చాటర్ ప్లస్ ఐ (chattr +i) కొట్టాలి. ఆ తర్వాత దానిలోకి అన్ని అధికారాలూ ఉన్న రూట్ ఖాతాకు కూడా ఏమీ రాయడం కుదరదు. మీద డిస్కును మౌంట్ చేయడానికి మాత్రం అడ్డు లేదు. డిస్కు ఉంటే రికార్డింగులు డిస్కులోకి వెళతాయి, లేకపోతే రికార్డింగ్ మొదట్లోనే తప్పిందని ఎర్రగా చూపిస్తుంది. పోయేది ఎలాగూ పోతుంది, కాకపోతే అరిచి పోతుంది. ఇది ఏ డాక్ వాడినా, హబ్ వాడినా చేసుకోండి. నోఫెయిల్ చెప్పిన రోజే ఇదీ చెప్పి ఉండాల్సింది, నా తప్పు.

కంపెనీకి రాశాను. మర్యాదగా జవాబు ఇచ్చారు, విద్యుత్ అంతరాయం తర్వాత దయచేసి బటన్‌ను మళ్లీ నొక్కండి అని. యూపీఎస్ పెట్టుకోమని కూడా సలహా ఇచ్చారు. రూటర్‌కు వాడే చిన్న 12 వోల్టుల యూపీఎస్ మా ఇంట్లో ఉంది, పెట్టి చూశాను. రెండు పెద్ద డిస్కులు ఒకేసారి తిరగడం మొదలుపెడితే ఒక్కొక్కటీ రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. యూపీఎస్ అమాంతం చేతులెత్తేసింది. కంప్యూటర్లకు వాడే పెద్దది కొంటే పని జరుగుతుంది, నిజమే. ఉచితంగా వచ్చిన డాక్ కోసం యూపీఎస్ కొనడం అంటే దానంగా వచ్చిన ఆవు కోసం పొలం కొన్నట్టు.

ఎస్పీ రోడ్డులో అదే దుకాణానికి పట్టుకెళ్లాను. విప్పి చూసి, బటన్ కాళ్లు రెండూ కలిపి అతికించేస్తాను, ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది అన్నాడు. వద్దన్నాను. ఈ పెట్టెకు పవర్ బటన్ పక్కనే, వేలెడు దూరంలో, ఇంకో బటన్ ఉంది. కంప్యూటర్ కేబుల్ ఊడి ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచితే మొదటి గూట్లోని డిస్కును రెండో గూట్లోని డిస్కు మీదకు మొత్తంగా నకలు తీస్తుంది. రెండోదానిలో ఉన్నవన్నీ పోతాయి. నకలు తీసే సౌకర్యం మంచిదే, కానీ ఆరిన డాక్‌ను లేపడానికి చీకట్లో తడుముకునే చోట దాన్ని పెట్టడం ఏమిటి? అటువంటి పెట్టె లోపల ఎవరైనా ఊహతో అతుకులు వేస్తానంటే నాకు ధైర్యం చాలలేదు.

కాబట్టి నా మాట ఇది. పక్కన కూర్చుని డిస్కులు మార్చుకుంటూ ఫొటోలు కాపీ చేసుకునేవాళ్లకు ఇది మంచి డాక్, కొనుక్కోండి. రాత్రింబవళ్లు తనంతట తాను నడవాల్సిన రికార్డింగ్ కంప్యూటర్‌కు వద్దు. మిగతా పది సుగుణాలకూ మార్కులు వేసి కూడితే మంచి అంకే వస్తుంది, నేను కూడటం లేదు. దుకాణంలో ఏ డాక్ చూసినా వేగం తర్వాత అడగండి. ముందు డిస్కు పెట్టి, వెలిగించి, గోడ ప్లగ్ పీకి మళ్లీ పెట్టమనండి. దానంతట అదే వెలిగిందా, తీసుకోండి.

అటక మీది హబ్ కిందికి దిగింది. పోర్టబుల్ డిస్కులు మళ్లీ దాని మీదకు వచ్చాయి, స్విచ్‌లు లోపలికి వెళ్లి అక్కడే ఉన్నాయి. డాక్‌ను వెనక్కి పంపుతానంటే అక్కర్లేదన్నారు, అందుకని బీరువాలో పెట్టాను. పైన నాన్నగారు అతికించిన కాగితం మీకు కనిపిస్తోందా? ఆరాధన మర్నాడు అతికించారు. స్కెచ్ పెన్నుతో, పెద్ద అక్షరాల్లో: “కరెంటు వచ్చిన వెంటనే నొక్కవలెను. ఎడమ పక్కది కాదు.”