కథ ఆపి అడిగే మనిషి: బుర్రకథ దగ్గర నాయకులు నేర్చుకునేది

హోస్ట్: నమస్కారం, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ మనతో ఉన్న మాస్టారు చాలా ఏళ్లు బుర్రకథ దళం నడిపారు, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నారు. మాస్టారూ, నేనొక ఆఫీసులో టీమ్ లీడ్‌ని. నాలాంటి వాళ్లు బుర్రకథ చూసి నేర్చుకోవాల్సింది ఉందని ఫోన్‌లో అన్నారు. ఏంటండీ అది?

మాస్టారు: వంతలమ్మా! మధ్యలో కథకుడు ఉంటాడు. భుజాన తంబూరా, చేతికి అందెలు, కాళ్లకి గజ్జెలు. చెరో పక్కా డక్కీ వాయిస్తూ ఇద్దరు వంతలు, ఒకరు హాస్య వంత, ఇంకొకరు రాజకీయ వంత. కథ నడిపేది కథకుడే. అయినా మధ్యలో ఆపి "అదేంటి, అలా ఎందుకు చేశాడు?" అని అడిగే హక్కు ఆ ఇద్దరికీ ఉంది. కథకుడు ఆగి జవాబు చెప్పి తీరాలి. బుర్రకథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే.

హోస్ట్: ఆ ప్రశ్నలు ముందే రాసుకున్నవి కదండీ?

మాస్టారు: చాలామటుకు రాసినవే, రిహార్సల్ చేసినవే. కానీ రాజకీయ వంత ఆ పూట ఊళ్లో నలిగే సంగతి కలుపుతాడు. పల్నాటి యుద్ధం చెప్తున్నామనుకోండి. బ్రహ్మనాయుడు, నాగమ్మ కోడిపందెం దగ్గరున్నారు. అక్కడ వంత మిర్చి యార్డులో ధర పడిపోయిన సంగతి ఎత్తుతాడు. వెనక కూర్చున్న రైతులు ముందుకి జరుగుతారు. దానికి జవాబు చెప్పి, తాళం తప్పకుండా మళ్లీ కోడిపందెం దగ్గరికి రావాలి కథకుడు. విసుక్కున్నాడా, జనం వంత వైపు వెళ్లిపోతారు.

హోస్ట్: ఆఫీసులో అలా అడిగితే "నెగటివ్ మనిషి" అని ముద్ర పడుతుంది. మీటింగ్ చివర "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటే ఒక్కరూ మాట్లాడరు.

మాస్టారు: చివర్లో ఎవరు మాట్లాడతారమ్మా, అందరూ లేచే టైంలో! వంత కథ నడుస్తుండగానే అడుగుతాడు. పైగా అది అతని డ్యూటీ అని జనానికి తెలుసు. "వీడెందుకు అడ్డం వస్తున్నాడు" అని ఎవరూ అనుకోరు. అడక్కపోతేనే "ఏంటి, వంతకి ఏమైంది" అంటారు. మీరూ ప్రతి పనికీ ఒకరిని పేరు పెట్టి చెప్పండి, ఈ పనిలో లోపాలు అడగాల్సింది నువ్వే అని. ఇంకో పనికి ఇంకొకరు. అప్పుడు ముద్ర ఎవరి మీదా పడదు.

హోస్ట్: వాళ్లకి విషయం కూడా తెలియాలి కదా.

మాస్టారు: అక్కడే చాలామంది పెద్దలు దెబ్బతింటారు. మా వంతకి కథంతా నోటికి రావాలి. కథకుడి గొంతు పట్టేస్తే అందుకోగలగాలి. మీటింగ్‌కి ఐదు నిమిషాల ముందు కాగితం చేతిలో పెట్టి ప్రశ్నలు అడగమంటే వాళ్లేం అడుగుతారు?

హోస్ట్: నిజమే.

మాస్టారు: బుర్రకథకి పెద్ద పేరు తెచ్చిన కథకుడు నాజర్ గారిది మన జిల్లా పొన్నెకల్లే. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఒకప్పుడు బుర్రకథని మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం నిషేధించాయి. ఊరి మధ్యలో ఒకడు ప్రశ్న అడుగుతుంటే, చదువు రానివాడికి కూడా తన మనసులో మాట బయటికొచ్చినట్టు ఉంటుంది. నా ఉద్దేశంలో ఆ ప్రభుత్వాలు భయపడింది దానికే.

హోస్ట్: మరి హాస్య వంత? నవ్వించడం వరకేనా?

మాస్టారు: ఎప్పుడు నవ్వించకూడదో తెలియడం అతని అసలు విద్య. పల్నాటి కథలో బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తూ భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకునే ఘట్టంలో హాస్య వంత నోరెత్తకూడదు. తర్వాత ఎంతసేపటికి జనాన్ని తేలికపరచాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడం అయిందా లేదా చూడాలి. కథకుడు కథలో మునిగి ఉంటాడు, అది అతనికి కనిపించదు. వంతకి కనిపిస్తుంది. కొంతమంది పెద్దలు ఉద్యోగాలు తీసేస్తున్నామని చెప్పి, వెంటనే ఏదో జోకేస్తారు. "ఇప్పుడు వద్దు సార్" అని ఆపే మనిషి పక్కన లేకపోవడం వల్లే అది. నాకు చాలా బాధేస్తుంది.

హోస్ట్: ఆ మనిషిని నిలబెట్టుకోవడం ఎలా మాస్టారూ? ఒకటి రెండు సార్లు అడిగి ఊరుకుంటారు.

మాస్టారు: వంతలు "తందాన తాన" అందుకున్నప్పుడే కథకుడు ఊపిరి తీసుకునేది. వాళ్లు లేకపోతే రాత్రంతా కథ చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి డబ్బు దగ్గర కూడా గుర్తుండాలి. కథకుడికి ఎక్కువ ఇచ్చే దళాలున్నాయి. మా దళంలో ముగ్గురికీ సమానం. అందుకే మంచి వంతలు మమ్మల్ని వదిలి పోలేదు, కొందరు తర్వాత కథకులయ్యారు. మీ దగ్గర ప్రశ్నలడిగే పిల్లలకి ఇంక్రిమెంట్ టైంలో ఏం జరుగుతోందమ్మా?

హోస్ట్: ఈ ఏడాది లిస్టు ఇంకా నా దగ్గరే ఉంది మాస్టారూ. సోమవారం పైకి పంపాలి. ఈలోగా మళ్లీ ఒకసారి చూస్తాను.